దిద్దే పని ఫోనుకు అప్పగిస్తే పిల్లవాడికి ఏం అర్థమైందో తెలుస్తుందా?

ఆదోని ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయినికి మూడు సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌లో 45 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. ఒక్క లఘు పరీక్ష పెడితే 135 జవాబు పత్రాలు వస్తాయి. పత్రానికి నాలుగు నిమిషాల చొప్పున దిద్దినా తొమ్మిది గంటలు పడుతుంది. మార్కులను రిజిస్టరులో ఎక్కించడం, వాటినే మళ్లీ యాప్‌లో నమోదు చేయడం దీనికి అదనం. బడి వేళల్లో అంత తీరిక దొరకదు కాబట్టి బండిల్ ఇంటికి వెళ్తుంది. అది తిరిగి వచ్చేసరికి వారం గడిచి, పాఠం భిన్నాలు దాటి దశాంశాల్లోకి ప్రవేశించి ఉంటుంది. భిన్నాల దగ్గరే ఆగిపోయిన పిల్లవాడికి మిగిలేది పత్రం పైన ఎర్ర సిరాతో వేసిన ఒక అంకె.

ఫోను కెమెరాతో దిద్దే యాప్‌లు, గూగుల్ ఫామ్స్ వంటి ఆన్‌లైన్ క్విజ్‌లు, జవాబు వృత్తాన్ని నల్లగా నింపే ఓఎంఆర్ పత్రాలు ఈ తొమ్మిది గంటలను అరగంటకు కుదిస్తామంటున్నాయి. ఆ మాట చాలావరకు నిజమే. అయితే సమయం మిగలడం ఒక సంగతి, పిల్లవాడికి ఏం అర్థమైందో తెలియడం వేరే సంగతి. మొదటిది జరిగితే రెండోది దానంతట అదే జరుగుతుందని అనుకోవడం వల్లే ఈ సాధనాల మీద ఒకవైపు అతి నమ్మకం, మరోవైపు పూర్తి నిరాకరణ కనిపిస్తున్నాయి. రెండూ సరికావని నా అభిప్రాయం.

మనం పరీక్ష అని పిలిచే దానిలో నిజానికి మూడు పనులు కలిసిపోయి ఉన్నాయి. జవాబు తప్పో ఒప్పో తేల్చి మార్కు వేయడం మొదటి పని. ఆ జవాబు వెనుక పిల్లవాడి ఆలోచన ఏ దారిలో నడిచిందో తెలుసుకుని, మరుసటి రోజు పాఠాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవడం రెండోది. పైఅధికారులకు, తల్లిదండ్రులకు లెక్క చెప్పడం మూడోది. విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షన్ కోరింది ముఖ్యంగా రెండో పనినే. పిల్లల అవగాహననూ, నేర్చిన దాన్ని వినియోగించగల శక్తినీ నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని అది చెబుతుంది. దాన్ని అనుసరించే మన ఆంధ్రప్రదేశ్‌లో ఫార్మేటివ్ (నేర్చుకునే క్రమంలో చేసేది), సమ్మేటివ్ (చివర్లో పెట్టే పరీక్ష) అనే విభజన వచ్చింది. ఫార్మేటివ్‌లో పిల్లల ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలు చేరాయి. 2022–23 విద్యా సంవత్సరంలో కింది తరగతుల్లో కొన్ని ఫార్మేటివ్ పరీక్షల స్థానంలో తరగతి గది ఆధారిత మూల్యాంకనం పేరిట ఓఎంఆర్ పత్రాలు ప్రవేశించాయి. ఆ తర్వాత పేర్లూ పద్ధతులూ మళ్లీ మారాయి. పేరు ఏదైనా, ప్రతి మార్పులోనూ మొదటి, మూడో పనులు త్వరగా పూర్తవుతూ రెండోది వెనకబడుతూ వచ్చింది. డిజిటల్ సాధనాన్ని అంచనా వేయవలసింది కూడా ఈ రెండో పనికి అది ఎంత తోడ్పడుతుందన్న దాన్ని బట్టే.

యంత్రం ఏం చూస్తుంది

యంత్రంతో దిద్దడం కొత్తదేమీ కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హైస్కూలు ఉపాధ్యాయుడిగా పనిచేసిన రెనాల్డ్ జాన్సన్ ఆలోచన ఆధారంగా ఐబీఎం సంస్థ 1938లో 805 అనే పరీక్ష దిద్దే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. పెన్సిల్ గీతలోని గ్రాఫైట్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి, ఏ గడిలో గీత ఉందో ఆ యంత్రం కరెంటు ద్వారా పసిగట్టేది. తర్వాతి తరం యంత్రాలు కాంతిని వాడాయి. నేటి ఫోను యాప్ చేసేదీ అదే: పత్రం నాలుగు మూలల్లో ముద్రించిన గుర్తులను పట్టుకుని, వంకరగా తీసిన ఫొటోను సరిచేసి, ఒక్కో వృత్తం ఎంత నల్లగా ఉందో కొలిచి, ఆ వరుసలో అన్నిటికన్నా నల్లగా ఉన్నదాన్ని జవాబుగా తీసుకుని కీతో పోల్చుతుంది. అంతకుమించి అది ఏదీ చూడదు. రఫ్ వర్క్ చూడదు, కొట్టేసి మళ్లీ రాసిన జవాబులోని తడబాటును చూడదు.

అందువల్ల యంత్రం తప్పులు సాధారణంగా లెక్కలో ఉండవు, గడి నింపడంలో ఉంటాయి. 2019 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో, తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్నా నమోదైంది. దిద్దినవారు ఓఎంఆర్‌లోని మార్కుల గడులను తప్పుగా నింపడం దానికి కారణమని తేలింది. అనుభవం ఉన్న అధ్యాపకుల చేతిలోనే ఇలా జరిగినప్పుడు, మూడో తరగతి పిల్లవాడు ప్రశ్నపత్రంలో సరిగా చేసిన జవాబును వేరే కాగితం మీద ఒక వరుస కిందకు జారి నింపితే ఆశ్చర్యపోనవసరం లేదు. బబ్లింగ్, అంటే వృత్తాలు సరిగా నింపడం, ఒక నైపుణ్యం. అది లేని పిల్లవాడి దగ్గర ఆ పరీక్ష కొలిచేది గణితాన్ని కాదు. కింది తరగతుల్లో జవాబును ప్రశ్నపత్రం మీదే గుర్తు పెట్టించి, పెద్దవారు దాన్ని ఎక్కించడం మేలు. పై తరగతుల్లోనైనా మొదటి నెలలో ఒకటి రెండు సాధన పత్రాలు ఇచ్చాకే అసలు పరీక్షకు వెళ్లాలి.

తప్పు జవాబులోనే సమాచారం ఉంది

ఇక్కడి నుంచే అసలు విషయం మొదలవుతుంది. యంత్రం తిరిగి ఇచ్చే సమాచారం విలువ మనం రాసిన ప్రశ్న మీద, ముఖ్యంగా అందులో పెట్టిన తప్పు ఆప్షన్ల మీద ఆధారపడి ఉంటుంది.

62 నుంచి 38 తీసివేయమని అడిగామనుకుందాం. సరైన జవాబు 24. ఆప్షన్లలో 21, 25, 29 వంటి తోచిన అంకెలు పెడితే, తప్పు గుర్తించిన పిల్లవాడి గురించి తెలిసేది వాడు తప్పు చేశాడన్నది మాత్రమే. వాటి బదులు 36, 34, 100 పెడదాం. ఒకట్ల స్థానంలో 2 నుంచి 8 పోదు కాబట్టి 8 నుంచి 2 తీసేసే పిల్లవాడు 36 గుర్తిస్తాడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుని, అక్కడ ఒకటి తగ్గించడం మరిచినవాడు 34 గుర్తిస్తాడు. గుర్తు చూడకుండా కూడినవాడు 100 గుర్తిస్తాడు. ఒక తరగతిలో 40 మందికి 22 మంది 24నూ, 13 మంది 36నూ, ముగ్గురు 34నూ, ఇద్దరు 100నూ గుర్తించారంటే, 55 శాతం సరైన జవాబులు అనే సంఖ్య ఉపాధ్యాయినికి ఏ పనీ చెప్పదు. ఆ 13 మాత్రం రేపు ఉదయం పుల్లల కట్టలు తీసి స్థానవిలువ నుంచి మళ్లీ మొదలుపెట్టమని చెబుతుంది. 34 గుర్తించిన ముగ్గురికి స్థానవిలువ పాఠం అక్కర్లేదు, వారికి ఒక మెట్టు గుర్తుచేస్తే చాలు. వీరంతా మార్కుల జాబితాలో సున్నాగానే కనిపిస్తారు.

దశాంశాల్లో ఇది ఇంకా లోతుగా ఉంటుంది. 0.7, 0.25లలో ఏది పెద్దదని అడిగితే, 25 ఏడు కన్నా పెద్దది కాబట్టి 0.25 పెద్దదనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఈ ప్రశ్న వారిని పట్టుకుంటుంది. కానీ వేరే రకం పిల్లలూ ఉంటారు. నూరో వంతు పదో వంతు కన్నా చిన్నది కాబట్టి, బిందువు తర్వాత ఎక్కువ అంకెలున్న సంఖ్య ఎప్పుడూ చిన్నదే అవుతుందని వారు నమ్ముతారు. వారు ఈ ప్రశ్నకు 0.7 అనే సరైన జవాబే గుర్తిస్తారు, యంత్రం మార్కు వేస్తుంది, తప్పుడు ఊహ మరింత గట్టిపడుతుంది. ఆ పక్కనే 0.4, 0.67లలో ఏది పెద్దదని మరో ప్రశ్న పెడితే వారు 0.4 గుర్తించి బయటపడతారు. అప్పుడు చూడవలసింది రెండు ప్రశ్నలకు కలిపి వచ్చిన మార్కును కాదు, రెండు జవాబుల జతను. మొదటిది తప్పి రెండోది ఒప్పైనవాడు, మొదటిది ఒప్పై రెండోది తప్పినవాడు ఇద్దరూ రెండుకు ఒక మార్కే తెచ్చుకుంటారు గాని, వారికి కావలసిన పాఠాలు వేరు.

విజ్ఞాన శాస్త్రంలో తప్పు ఆప్షన్లు ఊళ్లోనే దొరుకుతాయి. బోరు వేసినచోట జల పడిందా లేదా అన్న మాట వినకుండా అనంతపురం జిల్లాలో ఏ పిల్లవాడూ పెరగడు. ఆ మాటలు వింటూ పెరిగినవారిలో చాలామంది భూమి లోపల ఏరులా నీరు పారుతుంటుందని ఊహించుకుంటారు. అక్కడ ఎక్కువ భాగం గట్టి రాతి నేల కాబట్టి, నీరు పైనున్న శిథిలమైన పొరలోనూ దాని కింది రాతి పగుళ్లలోనూ నిలుస్తుంది, వాన ఇంకితేనే నిండుతుంది. భూగర్భ జలం మీద ప్రశ్న రాసేటప్పుడు లోపల ఏరు పారుతుందనేది ఒక ఆప్షన్‌గా, ఎంత లోతుకు వెళ్తే అంత నీరు దొరుకుతుందనేది మరొకటిగా పెట్టిన ఉపాధ్యాయుడికి, పాఠం చెప్పాక కూడా ఆ ఊహలు ఎంతమందిలో నిలిచి ఉన్నాయో వెంటనే తెలుస్తుంది. ఎక్కడో తయారై వచ్చిన ప్రశ్నల బ్యాంకు ఈ పని చేయలేదు. ప్రశ్నల తయారీలో స్థానిక ఉపాధ్యాయుడి పాత్ర తగ్గకూడదనడానికి ఇంతకన్నా బలమైన కారణం నాకు కనిపించదు. మండల స్థాయి సమావేశాల్లో ఒక పూట తప్పు జవాబులను పోగుచేసి ఆప్షన్లుగా మార్చుకోవడానికి కేటాయిస్తే, ఏ యాప్ కొనుగోలు కన్నా అది ఎక్కువ ఫలితమిస్తుంది.

పాఠం మధ్యలో అడగడం

పరీక్ష అంటే పాఠం ముగిశాకే అనే అలవాటును మార్చగలగడం ఈ సాధనాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ప్లిక్కర్స్ అనే పద్ధతిలో పిల్లల చేతిలో ఫోను ఉండనవసరం లేదు. ఒక్కొక్కరికి ఒక ముద్రిత కార్డు ఇస్తారు. ఏ అంచు పైకి పెడితే అది ఎ, బి, సి, డిలలో ఒక జవాబు అవుతుంది. ఉపాధ్యాయుడు తన ఫోనును గది అంతటా తిప్పితే ఎవరు ఏది గుర్తించారో తెరమీద కనిపిస్తుంది. ఒక్కో కార్డు మీది నమూనా వేరు కాబట్టి పక్కవారి కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం. ఒకే ఫోను, కాస్త ఇంటర్నెట్, కొన్ని మందపాటి కాగితాలు చాలు. కరెంటు, సిగ్నలు నమ్మకంగా ఉండని పల్లె బడికి, పిల్లలందరికీ ట్యాబ్‌లు కావాలనే పద్ధతికన్నా ఇది ఎంతో అనువైనది. సిగ్నలు అసలే లేనిచోట పలక మీద జవాబు రాసి ఒకేసారి ఎత్తి చూపమనడం కూడా ఇదే పని చేస్తుంది. తేడా అల్లా రికార్డు మిగలకపోవడమే.

కహూట్ వంటి ఆటల క్విజ్‌లు ఉత్సాహాన్ని ఇస్తాయి. కానీ వేగానికి అదనపు పాయింట్లు ఇచ్చే అమరికలో నిదానంగా ఆలోచించే పిల్లవాడు వెనకబడతాడు, ర్యాంకుల పట్టిక ఆ వెనకబాటును అందరి ముందూ చూపిస్తుంది. అవగాహన తెలుసుకోవడానికి వాడేటప్పుడు ఆ అమరికను తీసేయాలి.

గూగుల్ ఫామ్స్‌లో చిన్న జవాబును టైపు చేయించినప్పుడు తెలుగు మాధ్యమానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. ఆ సాధనం అర్థాన్ని పోల్చదు, అక్షరాల వరుసను పోలుస్తుంది. కీలో అనంతపురం అని ఉంటే, జిల్లా అధికారిక నామమైన అనంతపురము అని రాసినవాడికి కూడా మార్కు రాదు. కర్నూలు అన్నచోట కర్నూల్ అంటే తప్పవుతుంది. ఇంకా సూక్ష్మమైనది, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక సంకేతాన్ని చేరుస్తాయి. తెరమీద రెండు మాటలూ ఒకేలా కనిపించినా యంత్రానికి అవి వేరు. కాబట్టి ఆమోదించదగిన రూపాలన్నీ కీలో చేర్చాలి, లేదా ఆ ప్రశ్నలను చేత్తో దిద్దడానికి విడిగా ఉంచాలి.

అంకెలను చదవడం

యాప్ ఇచ్చే నివేదికలో రంగురంగుల చార్టులు చాలా ఉంటాయి. ఉపాధ్యాయుడికి అక్కరకొచ్చేవి రెండు మూడే. ఒక్కో ప్రశ్నకు ఎంతమంది ఏ ఆప్షన్ గుర్తించారన్నది మొదటిది, దాని గురించి పైన చెప్పాను. బాగా చేసినవారికీ వెనకబడినవారికీ మధ్య ఆ ప్రశ్న ఎంత తేడా చూపిందన్నది రెండోది. 36 మంది తరగతిలో మొత్తం మార్కుల ప్రకారం పై 12 మందిలో 10 మంది, కింది 12 మందిలో నలుగురు ఒక ప్రశ్నను సరిగా చేస్తే, ఆ తేడా ఆరును 12తో భాగించగా 0.5 వస్తుంది. అది మంచి ప్రశ్న. పై గుంపు కన్నా కింది గుంపే ఎక్కువగా సరిగా చేసిందని వస్తే, పిల్లలను అనుమానించేముందు కీని చూసుకోవాలి. చాలాసార్లు కీ తప్పై ఉంటుంది, లేదా ప్రశ్నకు రెండర్థాలు వస్తుంటాయి. పది పన్నెండు మంది ఉన్న తరగతిలో ఈ లెక్కలకు అర్థం లేదు. అక్కడ ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడటమే ఉత్తమ సాధనం.

ఊహించి గుర్తించడం గురించి కూడా నిక్కచ్చిగా ఆలోచించాలి. నాలుగేసి ఆప్షన్లున్న పది బిట్లకు, పాఠం ఏమాత్రం తెలియని వంద మంది కళ్లు మూసుకుని గుర్తిస్తే, సగటున ఒక్కొక్కరికి రెండున్నర మార్కులు వస్తాయి. వారిలో సుమారు 22 మందికి నాలుగు గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తాయి. 35 శాతం పాసు అనుకుంటే ఆ 22 మందీ పాసైనట్టే. పది బిట్ల పరీక్షతో ఒక పిల్లవాడిని వెనకబడినవాడనో ముందున్నవాడనో ముద్ర వేయడం ఎంత బలహీనమైన పునాది మీద నిలుస్తుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. తరగతి మొత్తానికి ఎక్కడ చిక్కు పడిందో చెప్పడానికి ఆ పది బిట్లు పనికొస్తాయి. ఒక్క పిల్లవాడి గురించి తీర్పు చెప్పడానికి పనికిరావు.

వ్యాసరూప జవాబులూ, కృత్రిమ మేధా

పెద్ద జవాబులను కంప్యూటరుతో దిద్దించే ప్రయత్నం 1966లోనే అమెరికాలో ఎల్లిస్ పేజ్ ప్రాజెక్ట్ ఎస్సే గ్రేడ్ పేరుతో మొదలుపెట్టారు. నాటి పద్ధతులు వ్యాసం నిడివి వంటి బయటి లక్షణాలను లెక్కించి మార్కును అంచనా వేసేవి. నేటి భాషా నమూనాలు (చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ సాధనాలు) అర్థానికి చాలా దగ్గరగా వస్తాయి గాని, ఒకే జవాబును రెండుసార్లు ఇస్తే రెండు మార్కులు వేయగలవు. పైగా మన పిల్లల జవాబులు చేతిరాతలో ఉంటాయి. ఒత్తు ఒక అక్షరం కిందినుంచి పక్కకు జరిగినా, ద, ధ, థలలో చిన్న గీత మసకబారినా, ఫొటో నుంచి చదివే యంత్రం వేరే మాటను చదువుతుంది. ఇంటి మాటలో చేనును సేను అనే పిల్లవాడు దాన్నే కాగితం మీద పెడితే భావం చెడదు, కానీ ప్రామాణిక తెలుగు మీద శిక్షణ పొందిన సాధనం దాన్ని ఎలా తీసుకుంటుందో ముందుగా చెప్పలేం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం, మడకశిర వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు, కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. వారి జవాబులో కనిపించే లోపం విషయంలోనిదా, భాషలోనిదా అని విడదీయగలవారు ఆ పిల్లలను రోజూ చూసే ఉపాధ్యాయులే. ప్రశ్నను గట్టిగా చదివి వినిపించాక జవాబు మారితే లోపం చదవడంలో ఉందని తెలిసిపోతుంది. ఈ పరీక్షకు ఏ సాధనమూ అక్కర్లేదు.

కాబట్టి భాషా నమూనాను మార్కులు వేయడానికి కాక, ప్రశ్నల చిత్తుప్రతులు, తప్పు ఆప్షన్ల సూచనలు తయారుచేయించుకోవడానికి వాడి, ప్రతి మాటనూ ఉపాధ్యాయుడు సరిచూసుకోవడం ప్రస్తుతానికి సురక్షితమైన దారి. పిల్లల పేర్లు, ఫొటోలు, ఆధార్ సంఖ్యలు అందులో పెట్టకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారాన్ని వాడేందుకు తల్లిదండ్రుల సమ్మతిని సాధారణ నియమంగా పెట్టింది. క్రమసంఖ్యతో సరిపోయేచోట పేరు రాయకపోవడం చట్టానికి మాత్రమే కాదు, పిల్లల గౌరవానికీ అవసరం.

మూడో పని, అంటే లెక్క చెప్పడం, మిగతా రెండిటినీ మింగేయకుండా చూడటం అధికారుల చేతిలో ఉంది. లఘు పరీక్ష మార్కులను అన్ని పాఠశాలలకూ పోల్చి చూపించడం మొదలైతే, కష్టమైన ప్రశ్న అడగడానికి ఏ ఉపాధ్యాయుడూ సాహసించడు, పిల్లల తప్పులు బయటపడటం ఇబ్బందికరమవుతుంది. పాఠం మధ్యలో అడిగే ప్రశ్నల ఫలితం తరగతి గదిలోనే ఉండిపోవాలి. పైకి పంపేందుకు సమ్మేటివ్ పరీక్షలు ఉండనే ఉన్నాయి.

ఈ ప్రాంతంలో రికార్డు గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసినది ఇంకొకటి ఉంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి పంట కోతలయ్యాక కుటుంబాలు మిరప, పత్తి పనులకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కొన్ని నెలల కూలి వలసకు, వెళ్తాయి, పిల్లలు చాలామంది వెంట వెళ్తారు. యాప్‌లో వారి వరుస ఖాళీగా ఉంటుంది, లేదా సగటు లెక్కలో సున్నాగా చేరుతుంది. హాజరు కాకపోవడాన్ని తెలియకపోవడంగా నమోదు చేసే ఏ సాధనమైనా ఈ పిల్లల విషయంలో అన్యాయం చేస్తుంది. గైర్హాజరుకు విడి గుర్తు ఉండే యాప్‌నే ఎంచుకోవాలి, లేకపోతే ఆ వరుసలను సగటు నుంచి తీసేయాలి. వలస వెళ్లినవారి పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లో ఉండిపోయిన పిల్లవాడికీ, మూడు నెలల తర్వాత తిరిగి వచ్చినవాడికీ మొత్తం మార్కుల జాబితా ఉపయోగపడదు. తీసివేతలో అప్పు తేవడం వచ్చు, దశాంశాల పోలిక రాదు అన్న స్థాయిలో రాసిన నాలుగు పంక్తుల వివరం ఉంటే, వచ్చిన రోజునే వాడిని ఏ గుంపులో కూర్చోబెట్టాలో, ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. ప్రశ్నలవారీ ఫలితాన్ని భద్రపరిచే సాధనం ఆ నాలుగు పంక్తులను దాదాపుగా తానే ఇవ్వగలదు. ప్రస్తుతం వాడుకలో ఉన్న యాప్‌లలో మొత్తం మార్కు నమోదు చేసే గడి పక్కన దానికీ చోటు కల్పించడం పెద్ద సాంకేతిక సమస్య కాదు.